నడక గుండెకు సరే, ఎముకకు చాలదు

తెల్లవారుజామున ఐదున్నరకే కేబీఆర్ పార్కు గేటు దగ్గర బండి పెట్టుకోవడానికి జాగా వెతుక్కోవాలి. లోపలికి వెళ్లేవాళ్లలో అరవై దాటిన మగవాళ్లు చాలామంది. కాళ్లకు మంచి షూ, చలికాలమైతే చెవుల దాకా మంకీ క్యాప్, చేతికి అడుగులు లెక్కపెట్టే వాచీ. ఇందిరా పార్కులోనూ, ఉస్మానియా క్యాంపస్‌లోనూ, సంజీవయ్య పార్కులోనూ ఇదే వరస. షుగర్ కోసమో, బీపీ కోసమో, డాక్టరు చెప్పాడనో నడక మొదలవుతుంది. వాచీలో పది వేలు దాటితే ఆ రోజుకి ఒంటికి చేయాల్సిందంతా చేసేసినట్టే. గుండె విషయంలో, షుగర్ విషయంలో ఈ లెక్క చాలావరకు నిజం. ఎముకల దగ్గరికి వచ్చేసరికి తప్పుతుంది. ఇరవై ఏళ్లుగా అదే బాటలో, అదే వేగంతో నడుస్తున్నవాళ్ల ఎముకకు ఆ నడక ఎప్పుడో అలవాటైపోయింది. అలవాటైన బరువుకి ఎముక కొత్తగా ఏమీ కట్టుకోదు.

అసలు ఎముకలు గుల్లబారడం అంటే ఇంట్లో అమ్మకో అమ్మమ్మకో వచ్చే జబ్బని మగవాళ్ల నమ్మకం. ఆ నమ్మకం పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. నెలసరి ఆగిన తర్వాత కొన్నేళ్లపాటు ఆడవాళ్లలో ఎముక వేగంగా కరుగుతుంది. మగవాళ్లకు అలా ఒక్కసారిగా జారే దశ లేదు. పైగా ముప్పై ఏళ్లకల్లా వాళ్లు కూడబెట్టుకున్న ఎముక ఎక్కువ, దాని మందమూ ఎక్కువే. కానీ యాభై దాటాక ఏడాదికి దాదాపు అర శాతం నుంచి ఒక శాతం పోతూనే ఉంటుంది, డెబ్బై దాటాక వేగం పెరుగుతుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు. పాత లాల్చీ ముందు అంచు ఈమధ్య కిందికి వేలాడుతోందంటే ఉతికి ఉతికి సాగిందనుకుంటారు తప్ప, వెన్నుపూస కుంగి మనిషే రెండంగుళాలు తగ్గి ముందుకు వంగాడని ఎవరూ అనుకోరు.

ప్రపంచం మొత్తం మీద చూస్తే యాభై దాటిన ఆడవాళ్లలో ముగ్గురిలో ఒకరికి, మగవాళ్లలో ఐదుగురిలో ఒకరికి మిగిలిన జీవితంలో ఇలా గుల్లబారిన ఎముక విరుగుతుందని అంచనా. ఐదుగురిలో ఒకరంటే చిన్న సంఖ్యేమీ కాదు. ఇంకో విషయం తరచుగా మరుగున పడుతుంది. తుంటి విరిగిన ఏడాదిలోపు చనిపోయేవాళ్ల శాతం ఆడవాళ్లలో కంటే మగవాళ్లలో ఎక్కువ. తుంటి విరిగేనాటికి మగవాడికి అప్పటికే గుండె జబ్బో ఊపిరితిత్తుల జబ్బో ఉండటం ఒక కారణం. ఆపరేషన్ చేసి రాడ్ వేసి ఇంటికి పంపాక ఎముక ఎందుకు విరిగిందని వెనక్కి వెళ్లి పరీక్ష చేయించడం మగవాళ్ల విషయంలో మరీ తక్కువ. "బాత్రూమ్‌లో జారిపడ్డాడు" అన్న మాటతో ఫైలు మూసేస్తారు. నిలబడ్డ ఎత్తు నుంచి పడితేనే తుంటి విరిగిందంటే తప్పు తడి టైల్సుది మాత్రమే కాదు.

మన మాటల్లోనే ఒక చిక్కుంది. మోకాలు నొప్పెట్టినా, నడుం పట్టేసినా "ఎముకలు అరిగిపోయాయి" అంటాం. అరిగేది ప్రధానంగా కీలులో రెండు ఎముకల మధ్య ఉండే నున్నటి మృదులాస్థి. గుల్లబారేది ఎముక లోపలి అల్లిక. రెండూ వేర్వేరు జబ్బులు. మొదటిది నొప్పితో మొత్తుకుంటుంది, రెండోది విరిగేదాకా నోరు విప్పదు. అయితే "అరుగుదల" అన్న మాట ఒంటరిగా రాదు, వెంట ఒక సలహాను తెస్తుంది. వాడితే అరుగుతుంది కాబట్టి దాచుకోవాలట. మెట్లెక్కొద్దు, కింద కూర్చోవద్దు, బరువెత్తొద్దు. చెప్పు అడుగుకైతే అది సరైన సలహా. ఎముక ప్రాణమున్న కణజాలం, దాచుకున్నకొద్దీ తరుగుతుంది. అంతరిక్షంలో బరువే తెలియకుండా తేలే వ్యోమగాములకు తుంటి దగ్గర నెలకు ఒకటి, ఒకటిన్నర శాతం డెన్సిటీ (ఎముక సాంద్రత) పోతుంది. భూమ్మీద ముసలివాళ్లకు ఏడాదిలో పోయేది వాళ్లకు నెలలో పోతోంది. మోకాళ్ల సంగతి కూడా అందరూ భయపడే తీరులో లేదు. 2017లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణలో సరదాకి పరిగెత్తేవాళ్లలో తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల 3.5 శాతం మందిలో కనిపిస్తే, పరుగు జోలికి పోని వాళ్లలో అది 10.2 శాతం. పోటీల స్థాయిలో పరిగెత్తేవాళ్లలో మాత్రం 13.3. మోకాళ్లు బాగున్నవాళ్లే పరిగెత్తుతారన్న మెలిక ఇందులో లేకపోలేదు. అయినా "వాడితే అరుగుతుంది" అన్న సూత్రం ఇక్కడే కుంటుతోంది.

ఎముక లోపల ఏం జరుగుతుందో కొంచెం దగ్గరగా చూడాలి. గట్టి భాగంలో, చిన్న చిన్న గదుల్లో ఆస్టియోసైట్లనే కణాలు కూర్చుని ఉంటాయి. ఒక్కో కణం నుంచి పదుల కొద్దీ తంతులు, వెంట్రుక కంటే ఎంతో సన్నటి కాలువల గుండా వెళ్లి పక్క కణాలను అందుకుంటాయి. ఆ కాలువల నిండా ద్రవం. మనిషి గెంతి నేల మీద దిగినప్పుడు ఎముక వంగుతుంది. ఆ వంపు కంటికి కనిపించేది కాదు, గట్టి దెబ్బకు కూడా పొడవులో వెయ్యో వంతు, రెండు వెయ్యో వంతులు మాత్రమే. ఆ మాత్రానికే కాలువల్లో ద్రవం ఇటు నుంచి అటు తోసుకుంటుంది, తంతులకు ఒరుసుకుంటుంది. కణం దాన్ని పసిగట్టి స్క్లెరోస్టిన్ అనే ప్రోటీన్ తయారీని తగ్గిస్తుంది. కొత్త ఎముక కట్టడానికి స్క్లెరోస్టిన్ బ్రేకు లాంటిది. బ్రేకు వదిలితే ఎముకను కట్టే కణాలైన ఆస్టియోబ్లాస్టులు పని మొదలుపెడతాయి. ఇదే స్క్లెరోస్టిన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్‌ను ఇప్పుడు మందుగా కూడా వాడుతున్నారు. అదే పని గెంతు కొద్ది మోతాదులో, కేవలం బరువు పడిన చోట చేస్తుంది.

పాత ఎముకను ఆస్టియోక్లాస్టులనే కణాలు తవ్వుతాయి, ఆస్టియోబ్లాస్టులు పూడుస్తాయి. నగరంలో కేబుల్ కోసం రోడ్డు తవ్వడం చూసినవాళ్లకు ఈ వ్యవహారం వేరే చెప్పక్కర్లేదు. తవ్వకం వారాల్లో అయిపోతుంది, పూడ్చడానికి నెలలు పడుతుంది. వయసు మీద పడ్డాక తవ్వినంతా పూడదు, ప్రతి గుంతలో కాస్త వెలితి మిగిలిపోతుంది. వ్యాయామం నుంచి ఆశించేది ఆ వెలితిని తగ్గించడమే. ఇరవై ఏళ్ల ఎముకను తిరిగి తెస్తామనే జిమ్ పోస్టర్లను నమ్మాల్సిన పని లేదు.

ఎలాంటి బరువు, ఎంతసేపు అన్న ప్రశ్నకు 1984లో లానియన్, రూబిన్ అనే శాస్త్రవేత్తలు పక్షుల రెక్క ఎముక మీద చేసిన ప్రయోగం ఇప్పటికీ పనికొస్తుంది. కదలకుండా ఉంచిన రెక్క ఎముక కరిగిపోతుంది. రోజుకి నాలుగే నాలుగు సార్లు దాని మీద గట్టిగా బరువు వేసి తీస్తే ఆ కరగడం ఆగింది. 36 సార్లు వేస్తే ఎముక పెరిగింది. 360 సార్లు, 1800 సార్లు వేసినా అంతకుమించి పెరగలేదు. ముప్పై ఆరుకీ పద్దెనిమిది వందలకీ ఫలితం ఒకటే. ఎముక కణాలు త్వరగా మొద్దుబారతాయి, మళ్లీ స్పందించాలంటే వాటికి కొన్ని గంటల విరామం కావాలి. పది వేల అడుగుల వాచీకి ఇది మింగుడుపడని సంగతి. మామూలు నడకలో పాదం మీద పడే బలం ఒంటి బరువుకి కాస్త అటూ ఇటూ. చిన్న గెంతులో అది రెండు మూడు రెట్లు దాటుతుంది. కేవలం నడక మీద మనుషులతో చేసిన ప్రయోగాలను (ట్రయల్స్‌ను) కలిపి చూస్తే వెన్నులో డెన్సిటీ చెప్పుకోదగ్గంతగా పెరగలేదు, తొడ ఎముక మెడ (తుంటి కీలుకి కాస్త కింద సన్నబడే భాగం) దగ్గర మాత్రం స్వల్పంగా మేలు కనిపించింది. మంచం దిగని మనిషికి నడక గొప్ప మందు. రోజూ నడిచే మనిషికి ఎముక వరకు అది ఉన్నదాన్ని కాసేపు నిలబెట్టే పని మాత్రమే చేస్తుంది.

సైకిల్, ఈత సంగతి ఇంకా విచిత్రం. గచ్చిబౌలి, ఔటర్ రింగ్ రోడ్డు వైపు ఆదివారం తెల్లారగానే సైకిళ్ల మీద గుంపులు గుంపులుగా వెళ్లే యాభై ఏళ్ల వాళ్ల గుండె, ఊపిరితిత్తులు చాలామంది కుర్రవాళ్ల కంటే బాగుంటాయి. కానీ పోటీల్లో ఏళ్ల తరబడి సైకిల్ తొక్కిన మగవాళ్ల వెన్నులో డెన్సిటీ తక్కువగా ఉండటం పరిశోధకులు పదే పదే గమనించారు. ఒంటి బరువును సీటు మోస్తుంది, ఈతలో నీళ్లు మోస్తాయి. ఎముక దాకా కబురు చేరదు.

ఇక మనుషుల మీద జరిగిన ట్రయల్స్‌లో రెండింటిని చూద్దాం. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో యూనివర్సిటీలో 65 నుంచి 80 ఏళ్ల మధ్య ఆరోగ్యవంతులైన మగవాళ్లను ఏడాదిపాటు ఒంటికాలి మీద గెంతించారు. రోజుకి యాభై గెంతులు, ఎప్పుడూ అదే కాలితో. ముందుకి, వెనక్కి, పక్కలకి. యాభై గెంతులంటే నిమిషాల పని. రెండో కాలు ఊరికే ఉంది, కాబట్టి పోలికకు వేరే మనిషి అక్కర్లేదు. అదే తిండి, అదే హార్మోన్లు, అదే నిద్ర. ఏడాది తర్వాత గెంతిన కాలి తొడ ఎముక మెడ దగ్గర డెన్సిటీ రెండో కాలి కంటే మెరుగైంది. తుంటి తరచుగా విరిగే చోట్లలో ఆ మెడ ఒకటి. ప్రయోగం ఇంత తేటగా కుదరడం వైద్యంలో అరుదు.

రెండోది ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ యూనివర్సిటీది, 2020లో అచ్చయింది. 45 దాటిన, ఎముక డెన్సిటీ తక్కువగా ఉన్న మగవాళ్ల చేత వారానికి రెండు సార్లు, అరగంట చొప్పున, ఎనిమిది నెలలు డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును నిలబడేదాకా ఎత్తడం), స్క్వాట్ (భుజాల మీద బరువుతో గొంతుక్కూర్చుని లేవడం), తల మీదికి బరువెత్తే ప్రెస్ చేయించారు. వీటికి తోడు కడ్డీ పట్టుకుని ఎగిరి దిగడం. బరువులు మామూలువి కావు, ఒక్కసారికి ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో ఎనభై శాతం పైమాటే. ఐదేసి సార్లు ఎత్తి దించడం. వెన్నులోనూ, తొడ ఎముక పైభాగంలోనూ మెరుగుదల కనిపించింది. అయితే ఇదంతా శిక్షకుడు పక్కనే నిలబడి నేర్పిస్తే జరిగింది. యూట్యూబ్ చూసి సోమవారం పొద్దున్నే రాడ్ భుజానికెత్తుకుంటే ఫలితం ఆర్థోపెడిక్ వార్డులో తేలొచ్చు.

హార్మోన్ల విషయం క్లుప్తంగా. మగవాడి ఎముకను కాపాడేది టెస్టోస్టిరాన్ ఒక్కటే అనుకున్న కాలంలో, 1994లో ఒక కేసు బయటపడింది. ఆ మనిషికి 28 ఏళ్లు, 204 సెంటీమీటర్ల ఎత్తు. ఇంకా పొడుగు పెరుగుతూనే ఉన్నాడు. టెస్టోస్టిరాన్ మామూలుగానే ఉంది, ఎముకలు మాత్రం గుల్ల. జన్యులోపం వల్ల అతని ఒంట్లో ఈస్ట్రోజెన్ పనిచేయడం లేదు. మగవాళ్లలో టెస్టోస్టిరాన్‌లో కొంత భాగం ఈస్ట్రోజెన్‌గా మారుతుంది, ఎముకకు ఆ భాగమే కీలకమని అప్పటినుంచి తేలింది. ప్రోస్టేట్ క్యాన్సర్‌కి హార్మోన్‌ను అణిచే ఇంజెక్షన్లు వాడేవాళ్లలో ఎముక వేగంగా పోవడానికి కారణమూ ఇదే.

బరువులు, గెంతులు అనగానే ఇదంతా ఫారిన్ సరుకు అనిపించొచ్చు. పాతబస్తీ తాలీమ్‌ఖానాల్లో దండీలు, బస్కీలు, గదలు తిప్పడం తాతల నాటి విద్య. బస్కీ అంటే స్క్వాటే. బడిలో హోంవర్క్ చేయనివాడి చేత తీయించే గుంజిళ్లు కూడా అంతే, కాకపోతే శిక్ష పేరుతో. కింద కూర్చుని తినడం, నేల బేసిన్ మరుగుదొడ్డి, బావి చేద లాగడం, బియ్యం బస్తా భుజానికెత్తి అటక మీద వేయడం వంటివన్నీ ఒకప్పుడు వ్యాయామం అన్న పేరు లేకుండానే తొడలకు, వెన్నుకి పని చెప్పేవి. ఇప్పటి హైదరాబాద్ ఫ్లాట్‌లో డైనింగ్ టేబుల్, కమోడ్, లిఫ్ట్. పాతిక కిలోల సోనా మసూరి సంచి ఫోన్‌లో ఆర్డర్ చేస్తే కుర్రాడొకడు తెచ్చి వంటింట్లో దించి పోతాడు. ఆ సంచి కింద ఎముకకు అందాల్సిన కబురు కూడా ఆ కుర్రాడికే అందుతుంది. పార్కులో గంట నడిచొచ్చిన పెద్దమనిషి మూడో అంతస్తుకి లిఫ్ట్ బటన్ నొక్కడం రోజూ చూసేదే. గంట నడకకీ మూడంతస్తుల మెట్లకీ పోటీ పెడితే తొడ కండరాలు మెట్లకే ఓటేస్తాయి.

డెన్సిటీ ఒక్కటే బలం కాదని చెప్పడానికి మరో దేశం దాకా పోనక్కర్లేదు, నల్లగొండ చాలు. ఫ్లోరైడ్ నీళ్లు దశాబ్దాలపాటు తాగినవాళ్ల ఎముకలు ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనిపిస్తాయి. కానీ వెన్ను బిగుసుకుపోతుంది, కీళ్లు కదలవు. ఫ్లోరైడ్ ఎముకను దట్టం చేస్తుంది కదా అని అమెరికాలో దాన్నే మందుగా ఇచ్చి చూశారు. 1990లో వెలువడ్డ ఆ ట్రయల్‌లో, నెలసరి ఆగిన ఆడవాళ్ల వెన్నులో డెన్సిటీ 35 శాతం పెరిగింది. వెన్నుపూసల విరుగుళ్లు మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, మిగతా ఎముకల విరుగుళ్లు ఎక్కువయ్యాయి. నల్లగొండ నుంచి వచ్చి నగరంలో స్థిరపడ్డ పెద్దవాళ్ల స్కాన్ రిపోర్టును చూసేటప్పుడు డాక్టరుకి ఊరి పేరు చెప్పడం వృథా కాదు. షుగర్ ఉన్నవాళ్ల విషయంలోనూ ఇలాంటి తిరకాసే ఉంది. టైప్ 2 డయాబెటిస్‌లో డెన్సిటీ నార్మల్‌గానో, కాస్త ఎక్కువగానో వస్తుంది, విరిగే ముప్పు మాత్రం తోటివాళ్ల కంటే ఎక్కువ.

అదీకాక, పడకపోతే చాలా ఎముకలు విరగవు. తుంటి విరుగుళ్లలో అత్యధికం పడటం వల్లే. సోఫాలోంచి లేవడానికి రెండు చేతులూ ఆన్చి, "అమ్మయ్యా" అనుకుంటూ ముందుకి ఊగి, రెండో ప్రయత్నంలో నిలబడే మనిషిని గమనించండి. తొడ కండ సన్నబడింది. అదే మనిషి రాత్రి రెండింటికి బాత్రూమ్‌కి లేచి, గడప తగిలి తూలినప్పుడు, అడుగు ముందుకి చటుక్కున వేసి నిలదొక్కుకోవాల్సింది ఆ కండతోనే. నూటికి పైగా ట్రయల్స్‌ను కలిపి 2019లో కోక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్ష ప్రకారం, వ్యాయామం చేసే పెద్దవాళ్లలో పడిపోవడం 23 శాతం తగ్గింది. అందులో బాగా పనిచేసినవి బ్యాలెన్స్ వ్యాయామాలు, కూర్చుని లేవడం లాంటి కాళ్ల బలానికి చేసేవి. పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడటం, చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవడం. ఖర్చు లేదు, మెంబర్‌షిప్ లేదు, బహుశా అందుకే ఎవరూ ప్రచారం చేయరు. బ్యాలెన్స్ బాగా తప్పేవాళ్లు మాత్రం గట్టు పట్టుకునే మొదలుపెట్టాలి.

కట్టడానికి సామాను కూడా ఉండాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన ప్రమాణాల్లో పెద్దవాళ్లకు రోజుకి 1000 మిల్లీగ్రాముల క్యాల్షియం అన్నారు. అంతకుముందు 600 ఉండేది. వంద గ్రాముల రాగుల్లో 350 దాకా ఉంటుంది, కాబట్టి రాగి సంగటి, రాగి జావ పొగడ్తలకు తగ్గవే. ప్రోటీన్ ఒంటి బరువు కిలోకి 0.83 గ్రాములు. అన్నం, చారు, పచ్చడితో సరిపెట్టుకునే రాత్రి భోజనంలో అది దొరకదు, పప్పో గుడ్డో పెరుగో పడాల్సిందే. ఎండ సంగతిలో పార్కు వాకర్లు అనుకునేది ఒకటి, జరిగేది ఇంకొకటి. తిరుపతిలో జరిగిన పరిశీలనలో చర్మం మీద విటమిన్ డి తయారవడానికి పదకొండు నుంచి రెండు మధ్య ఎండే బాగా పనికొస్తుందని తేలింది. ఆరింటి లేత ఎండలో, ఫుల్ చేతుల ట్రాక్ సూట్‌లో హాయి ఉంటుంది గానీ విటమిన్ డి ఉండదు.

మొదలుపెట్టే ముందు ఒక వడపోత తప్పదు. ఎత్తు తగ్గినవాళ్లు, చిన్న దెబ్బకే ఎముక విరిగినవాళ్లు, ఆస్తమాకో కీళ్లవాతానికో ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వేసుకున్నవాళ్లు ముందు ఎముక డెన్సిటీని కొలిచే డెక్సా స్కాన్ చేయించుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న యువకుల సగటుతో పోల్చి ఇచ్చే టీ-స్కోర్ మైనస్ 2.5, లేదా అంతకంటే కిందికి ఉంటే గుల్లబారినట్టు లెక్క. వెన్నుపూస అప్పటికే కుంగినవాళ్లకు గెంతులు వద్దు, నడుం గుండ్రంగా వంచి నేల తాకే ఆసనాలూ, సిటప్స్ కూడా వద్దు. వంగినప్పుడు పూస ముందు అంచు మీదే భారమంతా పడుతుంది. సూర్యనమస్కారాలు వాళ్లకు మార్చి చెప్పగల గురువు దగ్గరే నేర్చుకోవాలి. మందు అవసరమైనవాళ్లకు వ్యాయామం దానికి తోడు మాత్రమే, బదులు కాదు. మిగతావాళ్లు కుర్చీ నుంచి లేవడం, మెట్లు, మునివేళ్ల మీద లేచి మడమలు ధబ్బున ఆనించడం, గోడ పట్టుకుని చిన్న గెంతులు, ఆపైన బరువులు, ఇలా నెలల మీద పెంచుకుంటూ పోవచ్చు. వారానికి రెండు మూడు రోజులు చాలు.

మూడు నెలలకే మళ్లీ స్కాన్ తీయించుకుని నిరాశపడేవాళ్లున్నారు. తవ్వి పూడ్చే ఒక్క విడతకే ఐదారు నెలలు పడుతుంది. పైగా వ్యాయామంతో వచ్చే లాభం ఏడాదికి ఒకటి రెండు శాతం. మెషీన్ కొలతలో సహజంగా వచ్చే తేడా కూడా దాదాపు అంతే. కాబట్టి రెండో స్కాన్‌కి ఏడాదో రెండేళ్లో ఆగాలి, అదీ మొదటిసారి తీసిన సెంటర్‌లోనే, అదే మెషీన్ మీద.